కుడి రెక్క తెగిన పేషెంటు

మా వీధి మొత్తానికి ఇంజక్షన్లు చేసిన పక్కింటి నర్సుగారు మొన్న సోమవారం కన్నుమూశారు. ఆవిడ సూది ఎరగని పిరుదు మా వీధిలో లేదని బరువెక్కిన గుండెతో పాఠకులకు మనవి చేస్తున్నాను.

ఆవిడ ఆఖరి పేషెంటు ఒక సముద్రపు తాబేలు. ఎమర్జెన్సీ రోజులవి, మా విజయవాడలో భయం లేకుండా మాట్లాడుకోదగ్గ విషయం ఆ తాబేలొక్కటే. బందరులో వలకు చిక్కి దాని కుడి ముందు రెక్క సగం తెగింది. చేపల లారీ నడిపే ఆవిడ తమ్ముడు దాన్ని తెచ్చి స్నానాల తొట్టిలో దింపాడు. "నాకు తెలిసిన ఆస్పత్రివి నువ్వే కదక్కా" అన్నాడు. సముద్రపు నీళ్ళు కూడా ఆ లారీలోనే పీపాలతో వచ్చేవి.

అప్పట్లో బీయస్సీ చదువుతున్న నేను రోజూ దాన్ని పట్టుకునేవాణ్ణి, ఆవిడ కట్టు కట్టేవారు, అది నన్ను తన్నేది. "నోరులేని పేషెంటే నయమయ్యా బీయస్సీ, నొప్పి లేకుండా మూలగదు" అని నా వంక అదోలా చూసేవారు.

కూర్మావతారమని మా అమ్మ పసుపు కుంకాలతో వచ్చింది.

"దేవుడే వదినగారూ, కాదనను. పుండు మీద కుంకం పడితే చీము పడుతుందండీ" అన్నారు నర్సుగారు, ఏసుప్రభువు పటం కింద నిలబడి. అమ్మ తొట్టి గోడకు బొట్టు పెట్టి వచ్చేసింది.

గాయం మానింది. కానీ తాబేలు ఒకవైపే గుండ్రంగా తిరిగేది. తిండి మానేసింది. ఉంచితే చస్తుంది, వదిలితే ఈదగలదో లేదో తెలీదు. చివరికి తడి గోనెపట్టాలు కప్పి లారీ ఎక్కించాం. పామర్రులో టీకి ఆగితే జనం మూగారు.

"కాలవలో వదిలెయ్యండమ్మా, ఎలాగూ సముద్రానికే పోతుంది" అన్నాడొక పెద్దమనిషి.

"దారిలో లాకులున్నాయండీ. దీనికోసం తలుపులు తీయిస్తారా మీరు?"

బందరు ఒడ్డున అల దాన్ని వెనక్కి విసిరేసింది. మళ్ళీ దింపాం, మళ్ళీ విసిరింది. ఆవిడ చీరతోనే నడుంలోతు నీళ్ళలోకి దిగి వదిలారు. తిరుగుదారిలో ఒకటే మాట: "కుడికే లాగిందయ్యా, చూశావా?" చూశాను.

అప్పట్నుంచీ బందరు నుంచి ఎవరొచ్చినా, సగం రెక్క తాబేలు ఒడ్డుకు కొట్టుకొచ్చిందా అని అడిగేవారు. లేదన్నా స్థిమితపడేవారు కారు. "రాకపోతే బతికినట్టా? లోపలే పోయిందేమో." ఆఖరి జ్వరంలోనూ అదే ప్రశ్న.

సమాధి సొంతూరు బందరులోనే. మట్టివేసి వస్తూ ఆవిడ తమ్ముడూ నేనూ సముద్రం దాకా నడిచాం. అలల అంచున చచ్చిన తాబేలొకటి, సగం ఇసకలో కూరుకుపోయి ఉంది. ఇద్దరం ఒక్కసారే వంగి కుడివైపు తవ్వాం. రెక్క నిండుగా ఉంది.

"ఇది కాదు" అంటూ ఊపిరి పీల్చుకున్నాడు తమ్ముడు. ఆ వెంటనే తలదించుకున్నాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, జేబురుమాలుతో దాని కళ్ళ మీది ఇసక తుడవసాగాడు.