నాగవేణి తెల్లబడే వేళ్లు

2022 చలికాలం. పుట్టపర్తి కొత్తగా మా జిల్లా కేంద్రమైన సంవత్సరం. ముదిగుబ్బకు అవతల, రోడ్డుకు కాస్త లోపలగా ఉండే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా ప్రాంతమంటే ఎండలే అనుకుంటారు బయటివాళ్లు. డిసెంబరులో తెల్లవారకముందు ఈ మెట్ట మీద స్కూటరు నడిపితే చలి అంటే ఏమిటో తెలుస్తుంది.

ఒకరోజు ఓపీ పలచబడ్డాక ఆంజనేయులు అనే రైతు తన భార్యను తీసుకొచ్చాడు. ఆమె పేరు నాగవేణి, పాతికేళ్లుంటాయి. చేతులు కొంగులో దాచుకుంది. కొంగు తీయించి చూస్తే కుడిచేతి రెండు వేళ్ల కొనలు కాలి బొబ్బలెక్కి ఉన్నాయి. పట్టుపురుగులకు పొద్దున్నే మల్బరీ ఆకు కోస్తుందట. మంచుకు వేళ్లు మొద్దుబారితే నిప్పుల కుంపటి దగ్గర పెట్టిందట. కాలుతున్న సంగతి వాసన వచ్చేదాకా తెలియలేదట.

"చలికాలమొస్తే వేళ్లు సున్నం మాదిరి తెల్లగా అయిపోతాయి సిస్టరమ్మా. గిచ్చినా తెలీదు," అంది.

ఆంజనేయులు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అడగాలనుకున్నది అక్కడినుంచే అడిగాడు.

"ఇది పెద్దరోగమేనా? ఊర్లో అందరూ అదే అంటాండారు."

పెద్దరోగం అంటే కుష్ఠు. ఆ పేరు నోటితో పలకడానికి కూడా జనం ఇష్టపడరు.

మా డాక్టరుగారు ఆమె ఒంటి మీద మచ్చలున్నాయేమో, మోచేతి దగ్గర నరాలు లావెక్కాయేమో చూశారు. కళ్లు మూసుకోమని దూది కొసతో తాకితే, కాలిన చోటు తప్ప ఎక్కడ తాకినా సరిగ్గా చెప్పింది. కుష్ఠు లక్షణాలేవీ కనబడలేదు. ఇది రేనాడ్స్ అయి ఉంటుందన్నారాయన. చలి తగలగానే వేళ్లలోని సన్నటి రక్తనాళాలు అతిగా బిగుసుకుపోయి, కొనలకు రక్తం అందదు. వేళ్లు తెల్లబడి, తర్వాత నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రగా అవుతాయి. దీని వెనక వేరే జబ్బేమైనా ఉందేమోనని రక్తపరీక్షకు రాశారు. అయితే మధ్యాహ్నపు ఎండకు ఆమె వేళ్లు మామూలుగానే ఉన్నాయి. రంగు మారడం మేమెవరమూ చూడలేదు. వీలైతే ఆ సమయంలో ఫోటో తీయించమన్నారు. చెప్పినదానికల్లా ఆంజనేయులు తలూపాడు గానీ, బయటికి వెళ్లేటప్పుడు కూడా భార్యకు దూరంగానే నడిచాడు.

కట్టు మార్పించుకోవడానికి నాగవేణి మళ్లీ రాలేదు. కాలిన గాయం చీము పడుతుందని నాకు భయం. ఒక ఉదయం డ్యూటీకి ముందే వాళ్ల ఊరికి బయల్దేరాను. పొద్దు పొడవకముందే వెళితే వేళ్లను కూడా చూడొచ్చనుకున్నాను.

నాగవేణి ఇంట్లో లేదు. గొర్రెల దొడ్డి పక్కన రేకుల కొట్టంలో, పాత దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. పక్కన విడిగా ఒక పళ్లెం, ఒక చెంబు. రవికె ముందు భాగమంతా తడిసిపోయి ఉంది. ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. ఆ ఏడుపులో బలం లేదు.

"ఆస్పత్రి నుంచి వచ్చినప్పట్నుంచి పాపను నాకు ఇయ్యలేదు సిస్టరమ్మా," అంది. "పాలు పిండి పారబోస్తాండా."

ఆమెకు చంటిబిడ్డ ఉందని ఆరోజు మాకెవరూ చెప్పలేదు. నేను గబగబా ఇంట్లోకి వెళ్లాను. ఐదు నెలల పాప. అత్త గంగమ్మ ఒళ్లో పెట్టుకుని, నీళ్లు కలిపిన ప్యాకెట్ పాలు సీసాతో పడుతోంది. పాపకు ముందురోజు నుంచి విరేచనాలు. నాలుక ఎండింది, కళ్లు కొంచెం లోపలికి పోయాయి. ఇంకా ఆలస్యం చేస్తే బిడ్డ దక్కదని, తల్లిపాలు వెంటనే పట్టాలని చెప్పాను. గంగమ్మ బిడ్డను ఇంకా గట్టిగా పొదువుకుంది.

"బిడ్డకు కూడా అంటించాల్నా? నువ్వు చెప్పి పోతావు తల్లీ. రేపు దీన్ని చూసుకోవాల్సింది మేము."

గోడ పక్కన నిలబడ్డ ఆంజనేయులు తల వంచుకున్నాడు. తల్లికి ఎదురుచెప్పే ధైర్యం లేదో, తనకే నమ్మకం లేదో నాకు అర్థం కాలేదు. ఎన్ని మాటలు చెప్పినా ఇక్కడ పనిచేయవనిపించింది. కంటితో చూస్తేనే నమ్ముతారు. ఇద్దరినీ వాకిట్లోకి రమ్మని బతిమాలాను. ముందు గంగమ్మతోనే పాపకు నేను తెచ్చిన ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు చెంచాతో పట్టించడం మొదలుపెట్టించి, నాగవేణిని కొట్టంలోంచి పిలిచి, దుప్పటి తీసి, తోటలోంచి తెప్పించిన మంచుకు తడిసిన మల్బరీ ఆకును రోజూ పట్టుకున్నట్టే పట్టుకోమన్నాను.

ఆమె పట్టుకుంది. ఏమీ జరగలేదు. తూర్పున వెలుగు పెరుగుతోంది. ఎండ వచ్చేస్తే ఈ రోజుకు ఇక లాభం లేదు. ఇవాళ చలి చాలకపోతే? అసలు డాక్టరుగారి అనుమానమే తప్పయితే? గంగమ్మ చూసింది చాలన్నట్టు ఇంట్లోకి తిరిగింది.

"అమ్మా, ఆగు," అన్నాడు ఆంజనేయులు.

నాగవేణి ఎడమచేతి మధ్యవేలి కొన పాలిపోయింది. చూస్తుండగానే ఆ తెలుపు కణుపుదాకా పాకి, గీత గీసినట్టు ఆగింది. తర్వాత పక్క వేలు, దాని పక్క వేలు. శవం వేళ్లలా ఉన్నాయి. గంగమ్మ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. ఫోటో తీసి, వెంటనే ఆకు కింద పడేయించి, నాగవేణికి దుప్పటి నిండుగా కప్పి, చేతులు చంకల్లో పెట్టుకోమన్నాను.

కాసేపటికి చేతులు బయటికి తీయించాను. వేళ్లు నీలంగా ఉన్నాయి. మళ్లీ లోపలికి. ఈసారి తీసేసరికి ఎర్రగా కందిపోయాయి. మంట పుట్టి నాగవేణి పళ్లు బిగించింది. నొప్పి తెలుస్తోందన్నమాట. కళ్లు మూయించి నేను ఏ వేలు తాకానో అడిగితే తప్పు లేకుండా చెప్పింది.

"పెద్దరోగం ఇట్ల వచ్చి ఇట్ల పోదమ్మా," అన్నాను. "ఇది చలికి రక్తం ఆగిపోవడమే. ఎవరికీ అంటదు."

గంగమ్మ ఆ వేళ్లనే చూస్తూ అడిగింది. "ఒకవేళ అదే అయింటే?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. ఉన్నమాటే చెప్పాను. అదే అయినా మందులున్నాయని, ఊరికే ఇస్తారని, మాత్రలు మొదలుపెడితే ఇంకొకరికి అంటదని, అప్పుడైనా తల్లి బిడ్డకు పాలివ్వొచ్చని.

"మా నాయనకు ఉండె," అంది గంగమ్మ. "ఊరి బయట కొట్టంలో పెట్టినారు. నేనే కూడు తీసుకుపోతాంటి. దూరం నుంచే పళ్లెంలో వేసి వచ్చేస్తాంటి. సచ్చిపోయేటప్పుడు కూడా ఆయన్ను ఎవురమూ ముట్టుకోలేదు."

ఆంజనేయులు తల్లివైపు వింతగా చూశాడు. తాత గురించి అతనికి ఎవరూ ఈ సంగతి చెప్పలేదని ఆ చూపులోనే తెలిసింది. గంగమ్మ కోడలి దగ్గరికి వెళ్లి, ఎర్రబడ్డ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకుంది. తర్వాత పాపను కోడలి ఒళ్లో పెట్టింది. పాప తాగడం మొదలుపెట్టాక కూడా నాగవేణి ఏడుపు ఆపుకోలేకపోయింది.

గాయానికి కట్టు కట్టి, తల్లీబిడ్డలను ఆ ఉదయమే ఆస్పత్రికి రప్పించాను. పాప సాయంత్రానికి తేరుకుంది. రక్తపరీక్షలో వేరే జబ్బేమీ కనబడలేదు. చలి తగ్గేదాకా వేసుకోమని డాక్టరుగారు మాత్రలు రాశారు. నిప్పుల దగ్గరికి చేతులు పోనివ్వొద్దని, ముందు ఒళ్లంతా వెచ్చగా ఉంటే చేతులు కూడా వెచ్చగా ఉంటాయని చెప్పాం. ఉన్ని గ్లౌజులు కొన్నారు. మంచులో ఆకు కోయడం ఆంజనేయులు తీసుకున్నాడు. గోరువెచ్చని నీళ్లు కోడలికి ఇచ్చేముందు గంగమ్మ తన మోచెయ్యి ముంచి వేడి చూస్తుందని నాగవేణి తర్వాత నాతో చెప్పింది.

జబ్బు గురించి చెప్పడం నా ఉద్యోగంలో భాగం. కానీ ఆ ఇంట్లో నేను ఎదుర్కొన్నది వేళ్ల జబ్బు ఒక్కటే కాదు. ఒక కూతురు ఎప్పుడో చిన్నప్పుడు కళ్లారా చూసి, ఎవరికీ చెప్పుకోలేకపోయిన భయం కూడా. అప్పటి నుంచి ఇంట్లోవాళ్లు రోగికి దూరంగా నిలబడితే నేను వాళ్లను కోప్పడను. పక్కన కూర్చోబెట్టుకుని, ఇలాంటిది ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందా, అప్పుడేం జరిగింది అని అడుగుతాను. వాళ్లు చెప్పడం అయ్యాకే నేను చెప్పడం మొదలుపెడతాను.