ఓట్మార్ ఎక్కిన సగం రైలు

రిటైరయ్యాక ఓట్మార్ సాధించిన మొదటి విజయం, ఏళ్ల తరబడి బతిమాలి భార్య గెర్లిందేను వైన్ తోటల యాత్రకు రైలెక్కించడం. "దారి తప్పామంటే అల్లుణ్ణి కారు తెమ్మంటా. జన్మలో మళ్లీ నీ రైలెక్కను," అని షరతు పెట్టి మరీ ఎక్కిందావిడ. ఓట్మార్ అంటే సామాన్యుడా! కొబ్లెంజ్‌లో ఉద్యోగమంతా ఉత్తరాలు పంచి, ఒక్కటైనా పరాయి గడపలో వెయ్యని మనిషి. అయితే రైలు కాసేపు ఆగిందంటే చాలు, దిగి, టోపీ చంకలో పెట్టుకుని, గోడ మీది పసుపుపచ్చ టైంటేబుల్‌ను వేలుపెట్టి చదవందే ఆయనకు నిలకడ ఉండదు. ట్రియర్‌లోనూ దిగాడు. అక్కడ రైలు రెండుగా విడిపోయి ఒక సగం వాళ్లు వెళ్లాల్సిన సార్ నది లోయకు, ఇంకో సగం పొరుగు దేశం లక్సెంబర్గ్‌కు పోతుందని చదువుతుండగానే ఈల మోగింది. కంగారులో దగ్గరున్న తలుపులో దూరాడు.

"ఎక్కడయ్యా నువ్వు?" అంది గెర్లిందే ఫోనులో.

"పక్క పెట్టెలోనే. నదీ ద్రాక్షతోటలూ కనిపిస్తున్నాయిగా!"

"నాకూ కనిపిస్తున్నాయి. మరి నువ్వు కనిపించవేం?"

ఆయన మళ్లీ కిటికీలోంచి చూశాడు. నది నదిలాగే ఉంది, తోటలు తోటల్లాగే ఉన్నాయి. అంతలో ఫోను లక్సెంబర్గ్‌కు స్వాగతం పలికింది.

"గెర్లిందే, నా ఫోను లక్సెంబర్గ్ అంటోంది. నువ్వేమైనా దారి తప్పావేమో..."

"నేనా! సార్‌బుర్గ్‌లో దిగి కూర్చుంటా. నువ్వు తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి రా. దారిలో ఏ బోర్డూ చదవకు!"

తిరుగు ప్రయాణం రైల్లోనో, అల్లుడి కారులోనో ఆవిడ ఇంకా తేల్చలేదు. ఎలా వచ్చినా, యాత్ర ముగించుకుని వాళ్లు కొబ్లెంజ్‌లో ఇల్లు చేరేది మాత్రం అక్టోబరు పన్నెండున.