అత్తయ్యగారి ప్రైజు బాండు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళు నిండీ నిండని రోజుల్లో, ఒకావిడ కళ్ళకి బదులు నేను చదివేదాన్ని. చదవాల్సింది ఒక్కటే, పేపర్లో పడే ప్రైజు బాండ్ల నంబర్లు. కష్టమైన పనేం కాదు. అయినా ఇప్పటికీ ఎవరైనా నన్ను అంకెలు పైకి చదవమంటే కాగితం వాళ్ళ చేతికే ఇచ్చేస్తాను.

మాది రాజమండ్రి. నాన్నగారు బడిపంతులు, బదిలీ మీద భీమవరం దగ్గర ఒక పల్లెకి వచ్చాం. పక్కింట్లో ఒక అత్తయ్యగారు ఒంటరిగా ఉండేవారు. చుట్టరికం ఏమీ లేదు, ఆ ఊళ్ళో పిలుపులు అంతే. ఆవిడ పుట్టింటివాళ్ళు కళ్ళాల్లో ధాన్యం కొలిచే మనుషులట. భర్త పోయాక ఆవిడకి మిగిలినవి ఒక పెంకుటిల్లు, రెండు బంగారు గాజులు. రెండు కళ్ళలోనూ శుక్లాలని తెలిశాక ఆపరేషనుకని ఆ గాజులు అమ్మారు. కాని డబ్బు ఆసుపత్రికి చేరలేదు. దారిలో పోస్టాఫీసు తగిలింది.

ఆ రోజుల్లో అక్కడ ప్రైజు బాండ్లని అమ్మేవారు, డబ్బంతా పెట్టి ఒకటి కొన్నారు. వడ్డీ ఇవ్వరు. మూణ్ణెల్లకోసారి డ్రా తీస్తారు, మన నంబరు వస్తే పెద్ద మొత్తం వస్తుంది. రాకపోతే మనం కట్టిన అసలు ఎక్కడికీ పోదు, అడిగితే వెనక్కి ఇచ్చేస్తారు. ప్రైజు వస్తే కళ్ళ ఖర్చు అందులోంచి వెళ్ళిపోతుంది, గాజులమ్మిన డబ్బు మళ్ళీ గాజులు కొనడానికే ఉంటుందని అత్తయ్యగారి లెక్క. మా నాన్నగారు ఒకసారి పిట్టగోడ పక్కన నిలబడి చెప్పి చూశారు. "పదిమంది కోళ్ళు ఒకే గంప కింద కమ్మినట్టండి అది. కోడి ఎవరిది వాళ్ళదే, కాదనను. గుడ్లన్నీ మాత్రం చీటీ వచ్చినవాడికే." ఆవిడ నవ్వి, "కోడి ఉంటే చాలు పంతులుగారూ, గుడ్డు దేవుడిస్తాడు" అన్నారు.

డ్రా పేపరు వచ్చిన రోజు నన్ను మిట్టమధ్యాహ్నమే పిలిచేవారు. అప్పుడైతే వీధిలో అలికిడి ఉండదని, నంబరు సరిగ్గా వినపడుతుందని. తలుపు దగ్గరగా వేసేవారు. ఊడ్పుల రోజుల్లో ఊరంతా చేలల్లో ఉండేది, కాకి కూడా అరిచేది కాదు. ఆవిడ నా ఎదురుగా గోడకి ఆనుకుని, కళ్ళు పూర్తిగా తెరిచి, తన నంబరు చెప్పుకునేవారు. "మూడు, లాభం, ఆరున్నొకటి, నాలుగు." ఒకటిని లాభం అంటారని ఆవిడే చెప్పారు, ధాన్యం కొలిచేటప్పుడు లాభంతోనే మొదలుపెట్టాలట. మిగతాది విన్నది విన్నట్టు రాసుకున్నాను, మూడు, ఒకటి, ఆరు, ఒకటి, నాలుగు అని. పేపర్లో నాలుగంకెలవీ ఐదంకెలవీ కలిసే ఉండేవి కాబట్టి అనుమానం రాలేదు. బాండు చూపించమంటే మాత్రం దిష్టి తగులుతుందనేవారు.

నేను "లేదండీ" అనేదాన్ని. "పోన్లే, ఇంకొక్క డ్రా చూద్దాం" అనేవారు. ఇక మూడు నెలలూ గోడ అవతల నుంచి ఆ నంబరు వినిపిస్తూనే ఉండేది, బియ్యం చెరుగుతున్నా, నూతిలో చేద వేస్తున్నా. ఒక్కోసారి ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని ఉండగానే ఇంట్లోంచి వినిపించినట్టుండేది. ఒకరోజు అన్నం తింటూ నేనే దాన్ని పైకి అంటున్నానట, మా అమ్మ నా నోటి మీద చెయ్యి వేసింది.

ఈలోగా ఆవిడ కళ్ళు మారిపోతున్నాయి. మొదట్లో చిన్న మసక, తర్వాత గంజినీళ్ళ రంగు. రెండో ఏడాదికి అడుగుల చప్పుడుని బట్టి మనుషుల్ని పోల్చుకునేవారు. నాతో మాట్లాడుతూ నా తలకి జానెడు పైన చూసేవారు. అక్కడ ఎవరైనా ఉన్నారేమోనని నేను వెనక్కి తిరిగి చూసేదాన్ని.

ఎనిమిదో డ్రా పేపరు చదివిన మర్నాడు మళ్ళీ పిలిచారు. బాండు అంచు వేళ్ళకి గరుగ్గా తగిలిందట, చెదలు పట్టిందేమో చూడమని మొదటిసారి దాన్ని పెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టారు. చెదలు లేవు. దాని మీద నాలుగే అంకెలున్నాయి.

"అత్తయ్యగారూ, ఇక్కడ ఏడు ఉందండీ."

పెట్టె మూత మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "అదేగా, ఆరున్నొకటి."

"నేను ఆరు, తర్వాత ఒకటి అనుకున్నానండి."

కొలిచేవాళ్ళు ఏడు అన్న మాట నోట రానివ్వరు, అది ఏడుపుతో కలుస్తుందని. ఆ ఊళ్ళో పుట్టిన పిల్లకైతే ఉగ్గుపాలతోనే తెలిసేది. బస్తీ నుంచి దిగిన నాకు తెలియలేదు. రెండేళ్ళుగా నేను ఆవిడ నంబరు వెతకనే లేదు.

పాత పేపర్లన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటీ తడిమి తీసి నా ముందు పెట్టారు. తిట్టినా బాగుండేది. ఆ నంబరు ఏ పేపర్లోనైనా ఉంటే ఆవిడ చూపుని నేనే దాటేసి చదివినట్టు. ఉండాలని మొక్కుకోవాలో, ఉండకూడదని మొక్కుకోవాలో తెలియకుండానే ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూశాను. అయిదో పేపర్లో మూడు, ఒకటి, ఏడు కనపడి వేలు ఆగింది. చివరి అంకె తొమ్మిది. తలెత్తితే ఆవిడ పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు, కళ్ళు నా తల పైనే ఉన్నాయి. ఆఖరి పేపరు మడిచి "లేదండీ" అన్నాను.

ఆవిడ పేపర్లన్నీ తడిమి మళ్ళీ పెట్టెలో సర్దారు. "తప్పు నంబరుకీ లేదన్నావు. నా నంబరుకీ లేదంటున్నావు. మరి ఈ రెండేళ్ళూ నేనేం విన్నట్టే?" పెట్టె మూత వేశారు. "మీరీ ఊరొచ్చిన కొత్తలో నీ జడ రిబ్బను ఎర్రదని తెలిసేది నాకు. ఇలా రా." అరచేత్తో నా నుదురు, ముక్కు, తడిసిన చెంపలు తడిమారు. "నీ తప్పేం లేదులే. వెళ్ళి మీ నాన్నగారిని పిలుచుకురా."

నా పొరపాటు సంగతి ఆవిడ మా ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. నాన్నగారు బాండు తీసుకెళ్తే పోస్టాఫీసులో పైసా తగ్గకుండా డబ్బు ఇచ్చారు.

మొన్న మా మనవరాలు ఫోన్లో ఏదో చూపించింది. డబ్బు దాచుకుంటే వారం వారం డ్రా ఉంటుందట, అసలుకి భయం లేదట. మంచిదేనా అమ్మమ్మా అని అడిగింది. మోసమని నేననను. లాటరీ టిక్కెట్టు కంటే నయమే, అక్కడ అసలు కూడా పోతుంది. ఏ పనికీ అక్కర్లేని డబ్బుంటే సరదాకి వేసుకో అన్నాను. ఒక పని కోసం దాచేదయితే మాత్రం వద్దన్నాను. వడ్డీ పోవడం చిన్న సంగతి. డబ్బు భద్రంగానే ఉంది కదా అన్న ధీమాతో మనిషి పనిని వాయిదా వేస్తూ పోతాడు, ఆ పని మాత్రం మన కోసం ఆగదు. ఆసుపత్రిలో జరిగింది దానికి చెప్పలేకపోయాను.

నాన్నగారు అత్తయ్యగారిని రాజమండ్రి తీసుకెళ్ళారు, తోడుకి అమ్మనీ నన్నూ. డాక్టరుగారు ఎడమ కన్ను ఒక్కటే చేస్తానన్నారు. కుడి కంట్లో శుక్లం మరీ ముదిరి లోపల నరం చచ్చిపోయిందట, ముందే వస్తే దక్కేదట. కట్టు విప్పాక ఆవిడ ఆ ఒక్క కంటితో నన్ను ఎగాదిగా చూసి, "ఇంత పొడుగయ్యావేంటే" అన్నారు. ఇంతలో నాన్నగారు బిల్లు కట్టి వచ్చి మిగిలిన నోట్లు ఆవిడ చేతిలో పెట్టారు. రెండు కళ్ళకని దాచిన డబ్బు, సగం మిగిలింది. చూపు వచ్చి కూడా ఆవిడ వాటివైపు చూడలేదు, వేళ్ళతో తడుముతూ కూర్చున్నారు. ఇప్పటికీ ఎవరైనా డబ్బు మిగిలిందని సంతోషంగా చెబితే, ఏ పని జరక్క మిగిలిందోనని నాకు ముందు భయమేస్తుంది.