జ్ఞానతండ్రి కొండ

బియానోకి జ్ఞానస్నానం చేయించిన రోజున, జ్ఞానతండ్రిగా నిలబడాల్సిన మేనమామ కొబ్బరికల్లు తాగి పడవలో పడి నిద్రపోయాడు. మా దీవికి ఫాదరు వచ్చేదే ఎప్పుడో ఒకసారి. తిరుగు పడవ వేళయిపోతోందని ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"నినోంగ్ ఎవరమ్మా?" అన్నాడు. జ్ఞానతండ్రిని మా వాళ్ళు అలాగే పిలుస్తారు.

బియానో తల్లికి ఒళ్ళు మండింది. కిటికీలోంచి కొండని చూపించి, "అదిగో, తగింబావ్! ఎక్కడికీ పారిపోడు," అంది.

ఫాదరుకి చెవుడు, పైగా దూరం చూపు ఆనదు. "తగింబావా? పూజకొస్తుంటాడా?"

"రాడు ఫాదర్. ఎప్పుడూ నిద్రే."

"ఈ ఊళ్ళో మగాళ్ళందరూ అంతే," అని విసుక్కుంటూ పిల్లాడి నెత్తిన నీళ్ళు పోసేశాడు.

అలా ఒక అగ్నిపర్వతం బియానోకి జ్ఞానతండ్రి అయింది. నవ్వకండి. మా దగ్గర ఆ బంధం చచ్చేదాకా పోదు. క్రిస్మస్ పూజ అవగానే పిల్లలందరూ తమ నినోంగ్‌ల ఇళ్ళకి పరిగెత్తి, వాళ్ళ చెయ్యి నుదుటికి తాకించుకుని, కానుకలు పట్టుకొచ్చేవాళ్ళు. బియానో ఒక్కడే కొండ మొదటికి పోయి, అక్కడి బండకి నుదురు ఆనించి, ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడు.

"మీ నినోంగ్ పిల్లికి బిచ్చమెయ్యడురా!" అని ఊరు ఊరంతా ఏడిపించేది.

"నిద్రపోతున్నాడు. లేచాక ఇస్తాడు," అనేవాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు, మేమూ నవ్వినవాళ్ళమే. వాడు పెరిగాడు, కొబ్బరిచెట్లెక్కి బతికాడు, సెనాయిడాని పెళ్ళాడి, అందరికంటే ఎగువన, కొండ ఒళ్ళో ఇల్లు కట్టుకున్నాడు. ఎందుకురా అంటే, నినోంగ్‌కి దగ్గర్లో ఉండొద్దా అన్నాడు. మీసాలు నెరుస్తున్నా ప్రతి క్రిస్మస్‌కీ బండ దగ్గరికి వెళ్ళడం మానలేదు.

ఆ డిసెంబరులో వానలు దంచి కొట్టాయి. తెల్లవారుజాము పూజకెళ్ళి ఇద్దరూ ఇంటికొచ్చేసరికి వంటింటి గోడ లేదు. పొయ్యి మీద, ఈనబోయే పందంత బండ ఒకటి తీరిగ్గా కూర్చుని ఉంది.

బియానో మోకాళ్ళ మీద కూలబడి భోరుమన్నాడు. "వచ్చింది! సెనాయిడా, వచ్చింది!"

"ఏమొచ్చింది నీ మొహం! వంటిల్లు పోయింది!"

"నినోంగ్ కానుక పంపాడే!"

ఊరిపెద్ద యులోహియో కబురు పెడితే, పట్నం నుంచి రాళ్ళు పరీక్షించే మేడమ్ సుత్తి పట్టుకుని దిగింది. పేరు తబరాన్సా, చిన్నపిల్లే. బండ చుట్టూ తిరిగి చూసింది. దాని చర్మం ఎక్కువ కాలిన రొట్టెలా పగుళ్ళిచ్చి ఉంది. కొండ కడుపులోంచి ఎర్రగా ఎగిరిపడ్డ రాయే అలా పగులుతుందట. ముట్టుకుంటే వెచ్చగా కూడా ఉంది. అయితే పొయ్యిలో నిప్పుల మీద కూర్చున్న రాయి వెచ్చగా ఉండక ఏం చేస్తుంది?

"ఇది ఎగిరిపడింది రాత్రో, మన తాతముత్తాతలకంటే ముందో, పగలగొట్టి చూస్తే గానీ చెప్పలేను," అంది.

"రాత్రే అయితే?" అన్నాడు యులోహియో.

"కొండ లేచినట్టే. సాయంత్రానికల్లా ఊరు ఖాళీ చేసి పట్నంలో పిల్లల బడిలో తలదాచుకోవాలి. మళ్ళీ ఎప్పుడొస్తారో తెలీదు."

"మరి పందులో?"

"పందులకి బడిలో చోటు లేదు."

క్రిస్మస్ కోసం మేపిన పందులు! ఊరంతా గగ్గోలు పెట్టింది. మేడమ్ సుత్తి ఎత్తింది. బియానో పరిగెత్తుకొచ్చి బండ మీద చాప కప్పేశాడు.

"ఇచ్చినాయన చూస్తుండగా కానుక విప్పుతారా మేడమ్? ఏమనుకుంటాడు? మీ అమ్మ నేర్పలేదా?"

గోడ లేని వంటింట్లోంచి తగింబావ్ నిండుగా కనిపిస్తోంది. నిజమే, ఇచ్చినవాళ్ళ ఎదుట కానుక విప్పడం మా దగ్గర పెద్ద తప్పు. ఎంత చదివినా ఆ పిల్లని కన్నది కూడా ఈ గడ్డ మీది తల్లే. సుత్తి మెల్లగా దించేసింది.

"మరేం చేద్దాం?" అంది.

"మబ్బు కమ్మేదాకా ఆగుదాం. ఆయన మొహం కప్పుకోగానే కొట్టండి," అన్నాడు యులోహియో.

నెలంతా మబ్బు ముసుగు తియ్యని కొండ, ఆరోజు మాత్రం పెళ్ళికొడుకులా మెరుస్తూ నిలబడింది. ఊరంతా మెడలు రిక్కించి కూర్చుంది. మూటలు కట్టేవాళ్ళు కడుతున్నారు, ఆడవాళ్ళు పందుల్ని పట్టుకుని ఏడుస్తున్నారు. సెనాయిడా మాత్రం కూలిన గోడ వెదుళ్ళు ఏరుతూ మొగుణ్ణీ, కొండనీ కలిపి తిడుతోంది.

పొద్దు వాలుతుండగా శిఖరం మీద మబ్బు దిగింది. "కొట్టండి!" అని అందరూ ఒక్కసారే అరిచారు. మేడమ్ కొట్టింది, మళ్ళీ మళ్ళీ కొట్టింది. బండ రెండు చెక్కలైంది. పైచర్మం కింద వేలెడు మందాన తుప్పురంగు పొర, దాని లోపల బూడిదరంగు రాయి, అందులో నల్లటి సన్నటి సూదుల్లాంటి పలుకులు.

ఆ తుప్పు పొర మీద వేలు రాసి మేడమ్ నవ్వింది. "ఇంత తుప్పు పట్టాలంటే వేల ఏళ్ళు కావాలి. ఎప్పటిదో రాయి, వానకి మట్టి జారి దొర్లింది. కొండ నిద్రలోనే ఉంది. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు!"

కేకలు మిన్నంటాయి. యులోహియో ఎవరి పందినో ముద్దు పెట్టుకున్నాడు. బియానో ఒక్కడే ఆ చెక్కల ముందు చతికిలబడిపోయాడు.

"అంటే... ఆయన పంపలేదా మేడమ్? దానంతటదే దొర్లిందా?"

ఆ పిల్ల సుత్తికంటిన రాతిపొడి తుడవడం మొదలుపెట్టింది.

సెనాయిడా వెదుళ్ళు కింద పడేసి వచ్చింది. "మేడమ్ చెప్పింది వినబడలేదా? వేల ఏళ్ళట. నువ్వు పుట్టకముందే నీకోసం తీసి ఉంచాడయ్యా. నిద్రమొద్దు కదా, ఇవ్వడమే మరిచాడు."

బియానో తలెత్తి పెళ్ళాన్ని చూశాడు. ఒక చెక్కని రెండు చేతులా తడిమి, నుదురు దానికి ఆనించాడు.

"అయ్యో, మబ్బు!" అని ఎవరో అరిచారు. మబ్బు విడిపోతోంది. సెనాయిడా చాప లాగి చెక్కల మీద కప్పేసింది. యులోహియో ఆకాశంకేసి చూస్తూ ఈల వేశాడు. మేడమ్ సుత్తిని వీపు వెనక దాచుకుంది.

"సంతోషం నినోంగ్!" అని కొండకేసి గొంతు చించుకున్నాడు బియానో. "తర్వాత విప్పుకుంటాం!"