ఏడో మోత

“గా గుట్టకు వద్దంటే వద్దు. టికెట్ పైసలు దండగ. పిల్లలను జూపార్కుకు తోల్కపో.”

“జూపార్కుల పులిని ముట్టుకోనిస్తరా, అమ్మమ్మా? నా పిల్లలకు కండ్లు కనిపియ్యవు. గీ పార్కు ముట్టుకొనేటందుకే కట్టిండ్రు. ఆకుల వాసన చూడొచ్చు, రాళ్లు కొట్టి సప్పుడు వినొచ్చు. నీకేంది లొల్లి?”

“గా గుట్ట సంగతి నాకు ఎర్కలేదా?”

“ఎర్కయితే చెప్పు మరి!”

నా మనవరాలు స్వప్న చూపులేని పిల్లల బడిలో పంతులమ్మ. ముందుగా పార్కు చూసొచ్చి, చున్నీ అయినా దులపకుండా వాదనకు దిగింది. ఆ చున్నీ నుంచి రాతిపొడి వాసన గుప్పుమంది. క్వారీ మూతబడి ఎన్నేళ్లయినా, దాన్ని పార్కు చేసినా, అదే వాసన. చిన్నప్పుడు మా లాల్‌దర్వాజా ఇంట్లో సాయంత్రం పూట బాపు అంగీ విప్పితే వచ్చినదే.

బాపు ఆ క్వారీలో మేస్త్రీ. మూడో తరగతితో బడి మాన్పించాక, ఎండాకాలం బండలు పెనంలా కాలుతున్నా, వానాకాలం గుంటల్లో కప్పలు చెవులు హోరెత్తిస్తున్నా, జొన్నరొట్టె, పచ్చిపులుసు మూట కట్టుకొని నేనే సద్ది మోసేదాన్ని. మధ్యాహ్నం బండ పేల్చేముందు ఎర్రజెండా ఊపగానే ఆడకూలీలు ఇనుప తట్టలు నెత్తిన బోర్లించుకొని చాటుకు పరుగెత్తేవాళ్లు. బండలో ఎన్ని రంధ్రాలు తొలిచి పేలుడు మందు కూరితే అన్ని మోతలు వినపడాలి. ఒకటి తగ్గిందంటే లోపల మందు పేలకుండా ఉన్నట్టే. మర్నాటిదాకా మేస్త్రీ అక్కడే కావలి ఉండాలి. లెక్కలొచ్చిన పిల్లనని ఆ మోతలు లెక్కపెట్టే పని నాకిచ్చారు.

రేపు బోనాలనగా, సాయంత్రం గాజులకు తీసుకుపోతానన్నాడు బాపు. మాకు ఏడాదికొక్కసారే గాజులు. ఆ రోజు ఏడు రంధ్రాలు. నాకు వినపడినవి ఆరే మోతలు.

“ఏడు, బాపు!” అని అరిచాను.

బాపు ఇంటికొచ్చాడు, గాజులు వేయించాడు. మర్నాడు పండుగైనా పొద్దున్నే గుట్టకు పోయిన బాపు తిరిగొచ్చేదాకా నేను గడప దగ్గరే కూర్చున్నాను. ఆయన చనిపోయేదాకా అడిగే ధైర్యమూ రాలేదు. ఆ మందు ఇంకా ఆ బండలోనే ఉందని ఇన్నేళ్లూ నా భయం.

ఎవరికీ చెప్పనిది ఆ వాదనలో స్వప్నకు చెప్పాను. అది నవ్వలేదు. “పొద్దుగాల పిల్లలను తోల్కపోకముందే మల్లయ్య తాతను అడుగుదాం,” అంది. బాపు కింద పనిచేసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. దబీర్‌పురాలో కొడుకు దగ్గర ఉంటాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. మల్లయ్య కాక సాసరులో చాయ్ పోసుకుంటూ అంతా విని, బోసినోటితో నవ్వాడు.

“మీ బాపు నీ లెక్క నమ్మెటోడా, బిడ్డా? ఆయన లెక్క ఆయనదే. ఆరే పేలినయని నన్ను కావలి కూసోబెట్టి, నిన్ను గాజులకు తోల్కపోయిండు. తెల్లారినంక ఇద్దరం ఆ పేలని తూటుల నీళ్లు వోసి మందంత కడిగేసినం. పిల్లకు చెప్పకురా, పండుగ పూట ఏడుస్తదన్నడు.”

ఇప్పుడా గుట్ట దగ్గర సుత్తుల చప్పుడు లేదు, సద్ది తెచ్చే పిల్లలు లేరు. గుంటలు పూడ్చి మరువం, తులసి నాటారు. ఆ పొద్దున పది గంటలకు స్వప్న బడి పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకొని బండల దాకా నడిచారు. ఆ వరుసకు ముందు నేనే నడిచాను.