దీపాలన్నీ వచ్చిన కల

స్టోరులో మూలన పడి ఉన్న పాత దీపం బ్యాటరీ మూత తీయగానే యాసిడ్ ఘాటు ముక్కుకు కొట్టి, లింగయ్య కాక గుర్తొచ్చాడు. ఇప్పటి దీపాలు అరచేతిలో ఇముడుతాయి, వాసనే ఉండదు. గోదావరిఖనిలో ఒక గని ల్యాంప్‌రూంలో నేను చేరిన రోజుల్లో డ్యూటీ ఆ ఘాటుతోనే మొదలయ్యేది. కిందికి దిగే ప్రతి మనిషికీ టోపీ దీపం ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని అతని నంబరు కొక్కేనికి తగిలించడం మా పని. షిఫ్టు అయిపోయాక కొక్కెం ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట.

నాన్న ఆరోగ్యం చెడి గని పని చేయలేడని తేల్చాక ఆ ఉద్యోగం నాకొచ్చింది. పని నేర్పింది లింగయ్య కాక. కింద పైకప్పు కూలి కాలు విరిగాక ఆయన్ను పైపనికి మార్చారు. పొద్దున్నే నన్ను చూడగానే "ఏం కలొచ్చింది బిడ్డా?" అని అడిగేవాడు. పరీక్షకు ఆలస్యమైనట్టు వచ్చిందంటే నవ్వేవాడు. గనిని ఆయన బాయి అనేవాడు.

"ఇంకా నీకు బాయి అంటుకోలేదు. కింద పనిచేసినన్ని దినాలు నా మీద కప్పు కూలినట్టే వచ్చేది నాకు. ఈడికొచ్చినంక నా కలల్ల నేనే లేను. కిందికి పోయెటోళ్లే వస్తున్నరు."

చాదస్తం అనుకున్నాను. మూడు నెలలు తిరిగేసరికి నా కలలూ మారాయి. ఒక కొక్కెం ఖాళీగా కనిపించేది, నంబరు చదవబోతే చెరిగిపోయేది. ఆ భయం కొద్దీ దీపాలను ఒకటికి రెండుసార్లు చూసుకునేదాన్ని. మనుషులను చూడాలని మాత్రం తట్టలేదు.

ఒక మధ్యాహ్నం షిఫ్టు వదిలి జనం కిటికీ దగ్గర తోసుకుంటున్నారు. ఒకతను రెండు దీపాలిచ్చి, "ఇంకోటి సదయ్యది అక్కా. పానం మంచిగ లేదంటే నేనే తెచ్చిన," అని బస్సుకు పరిగెత్తాడు. తీసుకుని తగిలించాను. కొక్కేలన్నీ నిండాయి. హమ్మయ్య అనుకుంటుంటే కాక అడిగాడు.

"సదయ్య ఏడి?"

"దీపమొచ్చింది గద కాకా."

"దీపమొచ్చింది. మనిషేడి?"

కాక కుంటుకుంటూ ఆఫీసుకు కబురు చెప్పడానికి వెళ్లాడు. నేను పైకొచ్చినవాళ్లు కడుక్కునే స్నానాల గదుల వైపు పరిగెత్తాను. వెనక గోడవారన సదయ్య చెమటల్లో తడిసి, తెలివి లేకుండా పడి ఉన్నాడు. దీపం కొక్కేనికి చేరింది కాబట్టి అతని కోసం ఎవరూ వెతికేవాళ్లు కాదు. దవాఖానలో గుండెనొప్పన్నారు. బతికాడు. కానీ అది నా వల్ల కాదు, కాక అడగబట్టి.

కాక నన్నొక్క మాట అనలేదు. మర్నాడూ అదే అడిగాడు, ఏం కలొచ్చిందని.

"కొక్కేలన్ని నిండున్నయి కాకా. దీపాలన్ని వెలుగుతున్నయి. ఒక్క మొకం గూడ లేదు."

ఈసారి ఆయన నవ్వలేదు. లేచి, వచ్చేవాళ్ల ముఖాలు కనబడే కిటికీ దగ్గరి తన కుర్చీ నా వైపు జరిపాడు.

కాక పోయి రెండేళ్లయింది. ఒకరి చేతిలోంచి రెండు దీపాలు ఇప్పటికీ తీసుకోను. ముఖం చూసి, పేరు పిలిచి, పలికాకే తగిలిస్తాను. "ఏందక్కా, జల్ది కానియ్యి" అని విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ కల వారానికోసారైనా వస్తూనే ఉంది.

మొన్న ఏ కలా లేకుండా హాయిగా నిద్రపట్టింది. లేచి, ఒళ్లు తేలిగ్గా ఉందని సంతోషించబోయి, ఆ కల పోతే ముఖాలు చూడడమూ మరుస్తానేమోనని భయపడ్డాను. చాయ్ కూడా తాగకుండా అరగంట ముందే గనికి పోయాను. ఆ రోజు ప్రతి ఒక్కరినీ రెండుసార్లు పిలిచాను.