కాసులమ్మ చెప్పిన నలభై మూడు పేర్లు

కాసులమ్మకు చదువు రాదు. ఈ ముక్క ముందుగా చెప్పడం నా బుద్ధి. ఆవిడను ఎవరైనా పొగిడితే నా నోట మొదట వచ్చే మాట ఇదే.

ఆవిడది శ్రీకాకుళం జిల్లాలో బారువ పక్క ఊరు. పెళ్ళయిన నెలకే ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగింది. భర్త లక్ష్ముడు డింగీ మీద వేటకు వెళితే, ఆవిడ చాతం రేవులో ఫెర్రీ ఎక్కి ఎదురొడ్డున బాంబూఫ్లాట్‌లో చేపలమ్మేది. లక్ష్ముడు పోయి పదేళ్ళయినా తట్ట దించలేదు. ముప్పై ఏళ్ళుగా అక్కడి గుట్టల మీద ఆవిడ పిలవని గుమ్మం లేదు.

నేను మధులతను. కాలేజీలో జాగ్రఫీ చెబుతాను, ఉండేది బాంబూఫ్లాట్‌లోనే. శనివారాలు విద్యార్థులకు ఆన్‌లైన్ మ్యాపు పని నేర్పుతాను. ఎవరైనా చేర్చగలిగే, ఎవరైనా దిద్దగలిగే మ్యాపు అది. ఆ పనికి జీతం లేదు, వాళ్ళకు మార్కులూ లేవు. ఉన్నదల్లా పన్నెండు మంది నా చుట్టూ మూగి "మేడమ్, ఇది చూడండి" అనడం. ఆ మాట కోసం నేను శనివారం దాకా ఎదురుచూసేదాన్ని.

బాంబూఫ్లాట్ సందులకు మ్యాపులో పేర్లు లేవు. నా శిష్యుల్లో చురుకైన చాందిని ఒకరోజు ఫెర్రీలో కాసులమ్మ పక్కన కూర్చుని ఆ మాట అందట.

"పేర్లు లేకపోడమేటమ్మా. నా ఎనకాల రా, సబ్ సెప్తాను. జోళ్ళు మాత్రం గట్టివి ఏసుకో," అందట ఆవిడ.

ఆ శనివారం నా క్లాసు ఖాళీ. మధ్యాహ్నానికి అందరూ నీచు వాసనతో, ఫోన్ల నిండా పేర్లతో వచ్చారు. గురువమ్మ కుళాయి, ఇంజన్ భయ్యా మలుపు, రెండు కుక్కల సందు. ఆ కుక్కలు రెండూ పోయి పన్నెండేళ్ళయిందట, పేరు మాత్రం సందుకు ఉండిపోయింది.

"కాసులమ్మ పిన్ని గ్రేట్, మేడమ్. ఒక్క గుట్టలో తొమ్మిది పేర్లు చెప్పింది," అంది చాందిని.

"ఆవిడకు చదువు రాదు," అన్నాను.

మూడు శనివారాలు ఇదే వరస. నలభై మూడు పేర్లు మ్యాపెక్కాయి. రెండు రోజులు కూర్చుని తయారు చేసుకున్న ఉపగ్రహ చిత్రాల పాఠానికి పిల్లలు ఆవలించారు. పిన్ని అలా అంది, పిన్ని ఇలా నవ్వింది, ఇవే కబుర్లు. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఎం.ఎస్సీ. చదివినదాన్ని, చేపల తట్టతో పోటీ పడుతున్నానని తెలుస్తూనే ఉంది. తెలిస్తే మాత్రం మంట ఆరుతుందా?

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక్కదాన్నే ఉన్నాను. ఆ నలభై మూడు పేర్లూ తీసేశాను. ఏమేం పేర్లో చదవను కూడా లేదు. కారణం రాయమన్న చోట అన్నింటికీ కలిపి 'బోర్డు లేదు' అని రాశాను. తర్వాత టీ తాగాను. చాలా రోజులకు టీ రుచిగా అనిపించింది.

శనివారం చాందిని దిగులుగా వచ్చింది. "మేడమ్, మన పేర్లన్నీ ఎవరో తీసేశారు. హిస్టరీ చూద్దామా?"

ఈ మ్యాపులో ఎవరు ఏది ముట్టుకున్నా వాళ్ళ పేరు అక్కడ నిలిచిపోతుంది. రెండో క్లాసులో చెప్పింది నేనే. నన్నెవరు వెతుకుతారులే అనుకున్నాను. గోడ మీది తెరపై నా పేరు వరసగా దిగింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

"బోర్డులు లేవు కదా. రూలు," అన్నాను చివరికి.

"బోర్డు లేకపోయినా జనం పిలిచే పేరు పేరేనని మొదటి క్లాసులో మీరే చెప్పారు, మేడమ్." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. జాబితాలో అట్టడుగు పేరు చూపించింది. "ఇదొక్కటైనా ఉంచుతారనుకున్నాం."

రమణయ్య మెట్లు.

రమణయ్య మా నాన్న. మా ఇంటి కిందనున్న మెట్లవి. నాకేమీ అర్థం కాలేదు. చాందిని ఫోన్‌లో రికార్డు చేసుకున్న కాసులమ్మ మాటలు వినిపించింది.

"ఈ మెట్లా? మీ మేడమ్‌గారి నాన్న రమణయ్యగారు కట్టినారు. ఆ యమ్మ వైజాగ్‌లో సదూతుండగా. వానకి నాను ఇక్కడే జారిపడ్డాను, సేపలన్నీ కిందకెళిపోనాయి. మర్నాడే ఆయన గునపం అట్టుకున్నారు. ఒక్కో రాయీ ఆయనే పేర్సినారు. ఎండలో ఒద్దు బాబూ అంటే, మా అమ్మాయొచ్చేతలికి అయిపోవాల అనీవోరు. ఆ యమ్మకి తెల్దేటి, రోజూ దిగతాది కదా."

నాకు తెలియదు. రెండేళ్ళ ఎం.ఎస్సీ. ముగించి నేను తిరిగొచ్చేసరికి నాన్న లేరు. తర్వాత ఎవరో పైన సిమెంటు పూశారు, ఆ మెట్లు పంచాయతీవే అనుకున్నాను.

పిల్లలు చూస్తుండగానే పేర్లు ఒక్కొక్కటే తిరిగి పెట్టాను. చివరిది మిగిలింది. ఆ పేరు చేర్చినదానిగా నా పేరు నిలవాలని చెయ్యి లాగింది. మౌస్ చాందినికి ఇచ్చేశాను.

మర్నాడు కాసులమ్మ మెట్లెక్కుతూ ఎదురైంది. "కానాగంతలు తాజావి ఉన్నాయి మేడమ్‌గారూ, ఇయ్యనా?" అంది. తీసుకున్నాను. మ్యాపు సంగతి ఎత్తలేదు.

అసూయ పోయిందా అంటే, లేదు. ఇదివరకు పిల్లల గురించి. ఇప్పుడు, నేను ఇక్కడ లేని ఆ రెండేళ్ళూ మా నాన్నను రోజూ చూసింది ఆవిడ.